పాడియావు నడకపరీక్ష

పశువుల సంతలో కొనవచ్చినవాడు ఆవు పండ్లు లెక్కించి, పొదుగు తడిమి, సుడులు పరికించిన పిదప, ధర పలుకుటకు ముందు “రోంత నడిపిచ్చి సూపియప్పా” యని యడుగుట రాయలసీమలో నెల్లరెఱిగిన యాచారము. నిలిచియున్న పశువు దాచగల లోపమును నడక దాచలేదన్న యనుభవసారమంతయు నా మాటలో నిమిడియున్నది. నేడు పాశ్చాత్యదేశముల పాడిశాలలలో కెమెరాలును, కాలికి గట్టు సెన్సర్లును చేయుచున్న పరీక్షయు నిదియే. కాని కొనువాడు బేరమునాడు మాత్రమే చూచుదానిని యంత్రము ప్రతిదినమును చూచుచున్నది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు వానలకు మొగము వాచిన సీమ. వేరుసెనగ పంట చేతికందని యేట సంసారమును గట్టెక్కించునవి పూటపూటకు పాలకేంద్రమున పోయు పాలే. శెనక్కాయ కట్టెయు, పట్టుపురుగులు తినగా మిగిలిన మల్బరీ యాకును, తవుడును, చెక్కయు మేపి, జనులు సీమావులని పిలుచు సంకరజాతి పశువులను ఒకటి రెండింటిని సాకుకొను కుటుంబములెన్నియో యిచట గలవు. అట్టి యింట నొక్క ఆవు కుంటుపడెనా, అది గాడికడ మేత తగ్గించును, పాలు దిగజారును, ఎదలక్షణములు సరిగ కనబడక చూలు కట్టుట యాలస్యమగును. తుదకు వచ్చినకాడికి అమ్ముకొనవలసి వచ్చును.

గాలికుంటు వలన పశువు కుంటుట సర్వజనవిదితమే. అది నోటను, గిట్టల సందునను బొబ్బలు పుట్టించు వైరస్ వ్యాధి, టీకాచే నివారింపదగినది. ఇచట ప్రస్తావించునది గిట్టలోపల పుట్టు నొప్పి. ఆవు గిట్ట రెండు చీలికలుగ నుండును. వెనుకకాళ్ళయందు వెలుపలి చీలికపై భారమధికము. ఈనిక దినములలో కీళ్ళ బంధనములు సడలి, గిట్టలోని కొవ్వుమెత్త పలుచబడినపుడు, లోని యెముక దాని క్రింది సజీవమైన పొరను అదిమి గాయపఱచును. గచ్చునేలపై గంటల తరబడి నిలుచుట, పేడమూత్రముల తడిలో గిట్ట నానుట, పీచుమేత తగ్గించి దాణా హెచ్చించుట దీనికి తోడగును. గిట్ట అడుగుపొర నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును గావున, లోపలి గాయము పైకి పుండుగ తేలుటకు వారములు పట్టును. అంతవఱకు గిట్టను చూచినవారికేమియు తెలియదు. పైగా, నొప్పిని బయటపెట్టిన జంతువు క్రూరమృగమునకు ముందు చిక్కును గనుక, వీలైనంతవఱకు కుంటును దాచుకొనుట గోజాతికి సహజము. ఆ కాలమున లోని బాధను వెల్లడించునది నడకలోని స్వల్పభేదమొక్కటే.

ఆ భేదమును కంటితో గుర్తించుటకు స్ప్రెకర్ మున్నగు పశువైద్యులు 1997లో నొక యైదుమెట్ల కొలతను ప్రకటించిరి. నిలిచినను నడచినను వీపు చదునుగ నున్నది మొదటి మెట్టు. నిలిచినపుడు చదునై, నడచునపుడు మాత్రము వంగినది రెండవది. రెండు వేళలను వంగినది మూడవది. ఒక కాలిని కాచుకొనుచు నడచునది నాల్గవది. కాలు మోపుటకే యిష్టపడనిది యైదవది. మన పల్లెలలో “ఆవు కుంటుతాంది” యను మాట పుట్టునది తఱచుగ నాల్గవ మెట్టున. చికిత్స సులభముగ ఫలించునది రెండవ మెట్టున.

బెల్జియములో రూపొందించి 2011లో ప్రకటించిన గైట్‌వైజ్ అను సాధనమున, ఆవులు నడచిపోవు త్రోవపై ఒత్తిడిని గ్రహించు చాప పఱచియుండును. ఏ గిట్ట యెచట నెంతసేపు నిలిచినది, కుడియెడమల అడుగులు సమముగ నున్నవా, ముందుకాలు విడిచిన చోటికి వెనుకకాలు చేరినదా యని యది గణించును. ఈ తుది లక్షణమును తడిసిన మట్టిబాటపై నెవరైనను చూడవచ్చును: ఆరోగ్యముగల ఆవు వెనుకగిట్ట ముందుగిట్ట జాడపైననో, దాని చేరువనో పడును, నొప్పిగల కాలు ఆ జాడ నందుకొనలేక వెనుకనే నిలిచిపోవును. కొన్నిచోట్ల పైకప్పునకమర్చిన కెమెరా తీసిన చిత్రములను కృత్రిమమేధ పరిశీలించును; మఱికొన్నిచోట్ల కాలి సెన్సరు అడుగులను, పరుండిన గంటలను లెక్కించును.

ఏ సాధనమైనను దానికి బలము జ్ఞాపకమే. పుట్టుకతోనే కొంచెము వీపు వంచి నడచునదియు, పొదుగు నిండుటచే కాళ్ళెడముగ వేయునదియు మందలో నుండును గాన, ఆవు నేటి నడకను పొరుగు ఆవు నడకతోగాక, దాని నిన్నటి నడకతోనే పోల్చుట న్యాయము.

వందలాది ఆవులు ఒకే త్రోవను నడచు పాడిశాలలకు తగిన యీ యంత్రములు పెనుకొండ చేరువ పల్లెలో గుంజకు కట్టిన రెండావులకెట్లు పనికివచ్చును? దినమంతయు నడువని పశువు నడకను యంత్రమును కొలువలేదు, యజమానియు చూడలేడు. కావున ముందు పలుపు విప్పవలెను. పాలు పితికిన పిదప గట్టి చదునునేలపై ఇరువది ముప్పది యడుగులు నడిపించి, ప్రక్కనుండి వీపును, వెనుకనుండి యడుగులను ఇంటిలో నొక్కరే నిత్యమును గమనించుటయు, వారమునకొకసారి ఫోనులో వీడియో తీసి దాచుటయు ఖర్చులేని పనులు. వెన్నశాతమును కొలుచు యంత్రము పాలకేంద్రములకు చేరినట్లే, ఊరి పశువులు నీటికి పోవు బాటపై పాలసంఘము కెమెరా నిలుపు కాలమును రావచ్చును. అంతవఱకు, నడకలో వీపు వంగినదని తోచిననాడే 1962కు ఫోను చేసి సంచార పశువైద్యుని రప్పించి గిట్ట చూపించువాడు, కాలు నేలమోపని నాడు రప్పించువానికంటె తక్కువ ఖర్చుతో పాడిని నిలుపుకొనును.