తంబురాయే గద, తంబురాయే విల్లు!

చేతిలో తంబురా, పక్కన వంతలు... మన బుర్రకథ గుర్తొస్తోంది కదూ! ఛత్తీస్‌గఢ్ పల్లెల్లోనూ ఇంచుమించు ఇలాగే భారతం చెబుతారు. దాని పేరు పండవానీ. కథంతా పాండవులదే. అందులోనూ భీముడికే పెద్దపీట.

ఇందులో రెండు పద్ధతులు. కూర్చుని పాడేది వేదమతి. నిలబడి, అభినయిస్తూ చెప్పేది కాపాలిక. ఆడవాళ్లు పాడితే కూర్చునే పాడాలన్నది అప్పటి కట్టుబాటు. దాన్ని కాదని లేచి నిలబడ్డారు తీజన్‌బాయి.

1956లో గనియారీలో పుట్టిన ఆమె తాతయ్య నోట విని కథ నేర్చుకున్నారు. పదమూడో ఏట చెప్పిన తొలి కథకు దక్కింది 10 రూపాయలు. ఆడపిల్ల పాడటమేంటంటూ సొంత తెగవాళ్లే వెలేశారు. చిన్న గుడిసె వేసుకుని ఒంటరిగా బతికారే తప్ప పాట మానలేదు.

ఇక ఆ తంబురా చూడాలి! ఓసారి భీముడి గద, మరుక్షణం అర్జునుడి విల్లు, ఇంకాసేపటికి ద్రౌపది కురులు. హార్మోనియం, తబలా తోడుంటాయి. మధ్యమధ్యలో ‘ఊ’ కొడుతూ, ప్రశ్నలేస్తూ కథ నడిపించే వంతగాణ్ని రాగీ అంటారు.

2019లో తీజన్‌బాయిని పద్మవిభూషణ్ వరించింది. 2023లో ఇదే కళకు ఉషా బార్లే పద్మశ్రీ అందుకున్నారు. ఆవిడా నిలబడే కథ చెబుతారు!