అద్దం మొరాయిస్తే మోటారునే నిందించవద్దు

కారు కిటికీ అద్దం కదలకుండా నిలిచిపోగానే “మోటారు పోయింది, మెషిన్ సెట్టు మొత్తం మార్చాలి” అన్న మాట వినడం మనకు అలవాటైపోయింది. చంద్రగిరి వంటి చోట ఈ లోపాన్ని వాయిదా వేయడమూ కష్టమే. వేసవి మధ్యాహ్నం కోట బండలు కాలిపోయే వేళ వెనుక అద్దం దిగకపోతే పిల్లలు, వృద్ధులు ఉక్కిరిబిక్కిరవుతారు. ఈశాన్య ఋతుపవనాల కాలంలో దిగిన అద్దం తిరిగి ఎక్కకపోతే రంగంపేట దాటి భాకరాపేట ఘాటు ఎక్కేలోపే సీట్లు తడిసి ముద్దవుతాయి. నికాహ్‌కు బయలుదేరిన కుటుంబం కిటికీకి అట్టముక్క అడ్డుపెట్టుకొని కూర్చోవలసిన అవస్థ అది. అయినా తొందరపడి కొత్త సెట్టుకు డబ్బు చెల్లించనవసరం లేదు. లోపం ఎక్కడుందో చాలావరకు తలుపు విప్పకుండానే తెలుసుకోవచ్చు.

మారుతి 800 కాలంలో హ్యాండిలు తిప్పితే అద్దం కదిలేది. నేడు ఆ చేతి పనిని 12 వోల్టుల చిన్న మోటారు చేస్తున్నది. స్విచ్చును ఒక వైపు నొక్కితే విద్యుత్తు ఒక దిశలో ప్రవహించి అద్దం లేస్తుంది. మరో వైపు నొక్కితే ప్రవాహ దిశ మారి అద్దం దిగుతుంది. మోటారు తిరుగుడును అద్దానికి అందించే భాగమే రెగ్యులేటరు, మన షెడ్లలో మెషిన్ అని పిలిచేది. కొన్నింటిలో అది కత్తెర ఆకారపు ఇనుప చట్రం, ఎక్కువ వాటిలో కప్పీల మీద నడిచే సన్నని ఉక్కు తీగ.

నాలుగు అద్దాలూ ఒకేసారి నిలిచిపోతే నాలుగు మోటార్లూ ఒకే రోజున పాడయ్యాయనుకోవడం అసంబద్ధం. ఫ్యూజు, రిలే, లేదా డ్రైవరు తలుపులోని ప్రధాన స్విచ్చును అనుమానించాలి. ఫ్యూజు కాలిపోయి ఉంటే అంతే ఆంపియర్లది వేయాలి. దాని స్థానంలో రాగి తీగ చుట్టి పంపే మెకానిక్కు మీ కారుకు నిప్పు పెట్టే ఏర్పాటు చేసినట్లే. ఒక్క అద్దమే ఆగిపోతే మొదట డ్రైవరు దగ్గరున్న లాకు మీటను చూడండి. పిల్లలు ఆడుతూ దానిని నొక్కి ఉంటారు. ఆ సంగతి తెలియక షెడ్డు వరకు వచ్చే కార్లు లేకపోలేదు. ఆ తరువాత అదే అద్దాన్ని డ్రైవరు స్విచ్చుతో కదిలించి చూడండి. అక్కడి నుండి కదిలి, దాని సొంత స్విచ్చుకు కదలకపోతే ఆ చిన్న స్విచ్చుదే దోషం. అనేక కార్లలో వెనుక తలుపులకు పోయే విద్యుత్తు ప్రధాన స్విచ్చు గుండానే ప్రయాణిస్తుంది. కాబట్టి వాన నీరు, టీ చుక్కలు పడి దానిలోని స్పర్శబిందువులు చిలుము పడితే వెనుక కిటికీ నిలిచిపోవచ్చు.

రెండు స్విచ్చులకూ కదలకపోతే చెవికి, కంటికి పని చెప్పాలి. రాత్రివేళ కారులోని లైటు వేసి స్విచ్చు నొక్కండి. లైటు కాస్త మసకబారితే మోటారుకు విద్యుత్తు చేరుతున్నది, అద్దమో మెషినో బిగుసుకొని ఉన్నది. ఏ మార్పూ లేకపోతే దారిలో ఎక్కడో తెగింది. మోటారు గిర్రున తిరిగే శబ్దం వస్తూ అద్దం మాత్రం కదలకపోతే తీగ తెగినట్లే, లేదా అద్దాన్ని పట్టుకొనే ప్లాస్టిక్ బిగింపు విరిగినట్లే. తలుపును సగం తెరచినప్పుడు పనిచేసి, మూసినప్పుడు ఆగిపోతే తలుపు కీళ్ల దగ్గరి రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉంటుంది. వేలసార్లు తెరచి మూసే చోట రాగి తీగ లోపలే విరుగుతుంది, పై తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. అద్దం నెమ్మదిగా, మూలుగుతూ ఎక్కుతుంటే దుమ్ము పట్టిన రబ్బరు బీడింగును తడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిలు, గ్రీజు వద్దు. అవి రబ్బరును ఉబ్బించి దుమ్మును మరింత అంటిస్తాయి. వరుసగా పదిసార్లు నొక్కాక ఆగిపోయి, కొంతసేపటికి మళ్ళీ పనిచేస్తే మోటారు వేడెక్కి తనను తాను కాపాడుకున్నదని అర్థం.

ఇంత చూశాక కూడా మోటారు మార్చాలంటే, “భాయ్, కప్లరు తీసి ఈ మోటారుకు నేరుగా బ్యాటరీ ఇచ్చి ఒకసారి చూపించండి” అని అడగండి. రెండు వైర్ల మోటారుకు ఈ పరీక్ష నిమిషం పని. వైర్లు అటూ ఇటూ మార్చినప్పుడు రెండు వైపులా చురుకుగా తిరిగితే మోటారు ఆరోగ్యంగా ఉన్నది. నొక్కి వదిలేస్తే దానంతటదే పైకి పోయే అద్దాలకు మాత్రం ఇది కూడదు; వాటి మోటారుకు ఎలక్ట్రానిక్ పెట్టె అతికి ఉంటుంది. నిజాయితీ గల పనివాడు ఈ కోరికకు నొచ్చుకోడు. తీసిన పాత భాగాన్ని చేతికిమ్మని అడగడం కూడా వాహనదారుని హక్కు. మెషిన్ బోల్టులు విప్పే ముందు అద్దాన్ని పైన టేపుతో గట్టిగా అతికించారో లేదో చూడండి. లేకుంటే అద్దం జారి తలుపులో పడుతుంది, లోపలున్న వేళ్లు నలుగుతాయి.

బ్యాటరీ తీసి పెట్టాక, మెషిన్ మార్చాక ఆటోమేటిక్ అద్దం తన హద్దును మరచిపోవచ్చు. చాలా కార్లలో అద్దాన్ని పూర్తిగా పైకెత్తి కొన్ని క్షణాలు స్విచ్చును అలాగే పట్టుకొంటే తిరిగి నేర్చుకుంటుంది. మీ కారు పద్ధతి దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దీనిని తేలికగా తీసుకోవద్దు. అడ్డు తగిలితే వెనక్కి దిగే రక్షణ ఆ జ్ఞాపకం మీదే ఆధారపడుతుంది. ఐరోపా నిబంధనల ప్రకారం ఆ రక్షణ గల అద్దం 100 న్యూటన్లకు, అంటే సుమారు పది కిలోల బరువుకు, మించి నొక్కరాదు. మన చిన్న కార్లలో చాలావాటికి ఈ ఏర్పాటు డ్రైవరు కిటికీకే పరిమితం, కొన్నింటికి అదీ లేదు. వెనుక సీటులో తల బయట పెట్టిన బిడ్డ మోకాలు స్విచ్చు మీద పడితే చాలు. ఇలాంటి మరణాల కారణంగానే అమెరికా 2004లో, మోకాలు ఆనినంత మాత్రాన అద్దం పైకి లేచే స్విచ్చులు ఉండరాదని నియమం చేసింది. తాళంచెవి కారులో వదలి “రెండు నిమిషాల్లో వస్తాను” అని పిల్లలను కూర్చోబెట్టి దిగే తల్లిదండ్రులు దీనిని గుర్తుంచుకోవాలి.

నీటి సంగతి వేరు. 2021 నవంబరు వర్షాలలో స్వర్ణముఖి పొంగిన తీరు మన ప్రాంతం చూసింది. కారు నీటిలో చిక్కితే తలుపు కోసం పెనుగులాడకుండా, విద్యుత్తు ఉన్న ఆ మొదటి నిమిషంలోనే అద్దాలు దించాలి. దిగకపోతే పక్క అద్దం మధ్యలో కొట్టవద్దు, మూలన మొనదేలిన వస్తువుతో కొట్టండి. ముందు అద్దం రెండు పొరల మధ్య అంటించినది. అది పగిలినా దారి ఇవ్వదు.