మీకు తెలుసా? మిరపాకు ముడత చూసి పురుగును పోల్చుకోవచ్చు

మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుంటే అది తామర పురుగుల పని. రైతులు దీన్ని పై ముడత అంటారు. అంచులు కిందికి వంగి, ఆకు తిరగేసిన పడవలా మారి, కాడ సాగితే తెల్లనల్లి చేరినట్టు. అది కింది ముడత.

ఈ తేడా తెలియడం చాలా ముఖ్యం. నల్లి అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడుకు దగ్గరి బంధువు. అందుకే చాలా పురుగుమందులు దానిపై పనిచేయవు. పైగా సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు పదేపదే చల్లితే నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది. నీటిలో కరిగే గంధకం దీనికి మేలు.

2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటలను కుదిపేసిన నల్ల తామర పురుగు ఆకుల కన్నా పూలలోనే ఎక్కువగా దాక్కుంది. పూత రాలి, కాయ నిలవలేదు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయిపై గుర్తించారు. దీని ఉనికి తెలుసుకోవడానికి తోటలో నీలం రంగు జిగురు అట్టలు పెడతారు.

ఆకులు ముడుచుకుని, చిన్నవై, మొక్క గిడసబారితే వైరస్‌ను అనుమానించాలి. వైరస్ సోకిన మొక్కను బతికించే మందు లేదు. తొలి దశలోనే పీకి తోట బయట నాశనం చేయాలి.

మందు కొనే ముందు డబ్బాపై రంగు చూడండి. ఎరుపు అత్యంత విషపూరితం. ఆ తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తున్నదీ విషమే, చేతి తొడుగులు, ముఖానికి మాస్కు తప్పనిసరి.