ఓడెక్కిన తాత ఊరు దొరికింది

చోడవరం: చేతిలో ఒక కాగితం. అందులో ఒక మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఒంటి మీద మచ్చ. కింద జిల్లా, తాలూకా, ఊరు. ఆ ఒక్క కాగితం పట్టుకుని దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒక పెద్దమనిషి గత ఏడాది మన ప్రాంతానికి వచ్చారు. కాగితంలో ఉన్నది ఆయన ముత్తాత. ఊరు విడిచి నూట ముప్పై ఏళ్లు దాటింది. ఆ ఊరేదో కనుక్కుని ఒకసారి కళ్లారా చూడాలన్నదే ఆయన కోరిక. తన పేరు గానీ, ఆ ఊరి పేరు గానీ పత్రికలో వేయవద్దన్నారు. అందువల్ల వేయడం లేదు.

నేటాల్ ఓడలు

ఆఫ్రికాలోని నేటాల్‌లో చెరకు తోటల పనికి ఇంగ్లీషు దొరతనంవారు మన దేశం నుంచి కూలీలను తరలించారు. ట్రూరో అనే మొదటి ఓడ మద్రాసు నుంచి 342 మందితో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ వలసను ఆపేసే నాటికి మొత్తం 1,52,184 మంది వెళ్లారు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడెక్కినవారే. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు.

ఒప్పందం అయిదేళ్లు. అది ముగిశాక మళ్లీ కూలికి కుదరకుండా, ఇంటికీ తిరిగి వెళ్లకుండా అక్కడే ఉండేవారి మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేస్తూ 1895లో చట్టం చేశారు. అయినా చాలామంది అక్కడే స్థిరపడ్డారు.

దొరలు ఒక మేలు చేశారు. ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరిచ్చి వివరాలన్నీ జాబితాలో రాయించారు. ఆ ఓడ జాబితాలు నేటికీ దక్షిణాఫ్రికాలో భద్రంగా ఉన్నాయి. తాత నంబరు తెలిసిన వారసులు అందులో ఆయన వరుసను వెతికి పట్టుకుంటున్నారు.

అయితే జాబితాలో ఇంటిపేరు లేదు. కూలీ పేరే తరువాతి తరానికి ఇంటిపేరయింది. అందుకే అప్పలస్వామి, అప్పలరాజు అనేవి అక్కడ ఇంటిపేర్లుగా కనిపిస్తాయి. ఆ పేర్లు వింటేనే సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న మనవాళ్లని తెలిసిపోతుంది. కానీ మన ఊళ్లలో అప్పలస్వాములకు కొదవ ఏముంది? ఏ వీధిలో పిలిచినా నలుగురు పలుకుతారు.

తాలూకా పెట్టిన తిప్పలు

కాగితంలో తాలూకా పేరు వీరవల్లి అని ఉంది. కృష్ణా జిల్లాలో హనుమాన్ జంక్షన్ దగ్గర వీరవల్లి ఉందని ఎవరో చెబితే ఆయన ముందు అక్కడికే వెళ్లారు. రెండు రోజులు తిరిగారు. కాగితంలోని ఊరు ఆ చుట్టుపక్కల లేదు. చివరకు విశాఖపట్నంలో రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయిన ఒక ఉద్యోగి కాగితం చూసి, "ఇది మన చోడవరమేనండీ. పాత రోజుల్లో చోడవరం వీరవల్లి తాలూకాలో ఉండేది" అని దారి చూపారు.

ఊరి పేరుతోనూ చిక్కే వచ్చింది. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆ అక్షరాల్లో డకూ దకూ, టకూ తకూ తేడా లేదు. గోవాడను గోవద అని కూడా చదవవచ్చు. ఆ పేరుకు సరిపోయే ఊళ్లు మన చుట్టుపక్కల మూడు తేలాయి. మొదటి రెండింటిలో ఏమీ దొరకలేదు.

భాగానికి వచ్చాడా?

మూడో ఊళ్లో రచ్చబండ దగ్గర జనం మూగారు. ఆయనకు తెలుగు ముక్కలు నాలుగే వచ్చు. హైస్కూలు మాస్టారు మాట అందించారు. పేరు, తండ్రి పేరు విన్న పెద్దలు ఒక ఇంటిని చూపించారు. ఆ ఇంట్లో తాత పేరు మనవడికి పెట్టుకుంటూ ఆ రెండు పేర్లే తరం విడిచి తరం వస్తున్నాయి.

ఆ ఇంటివారు మాత్రం పెదవి విప్పలేదు. మాకేమీ తెలియదన్నారు. కారణం ఊరంతటికీ తెలుసు. ఇన్నేళ్ల తరువాత వచ్చినవాడు భూమిలో భాగం అడుగుతాడేమోనని భయం. ఆయన మర్నాడు వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. "నాకు సెంటు భూమి కూడా వద్దు. ఆయన తల్లి పేరు చెప్పండి, చాలు. మా కాగితంలో తండ్రి పేరే ఉంది" అని మాస్టారి చేత చెప్పించారు.

మూడో రోజు సాయంత్రం ఆ ఇంటి యజమాని అటక మీది ట్రంకుపెట్టె దింపారు. అందులో 1930ల నాటి పంపకాల దస్తావేజు ఉంది. ముగ్గురన్నదమ్ములు పొలం పంచుకుంటూ రాయించుకున్నది. తమ పెదతండ్రి దేశాంతరం పోయి వర్తమానం లేనందున ఆయన వంతు కూడా కలుపుకుని పంచుకుంటున్నట్లు అందులో ఉంది. పెదతండ్రి పేరు, ఆయన తండ్రి పేరు కాగితంలోని పేర్లే. ఇంటివారు భయపడినదీ ఆ వాక్యానికే. బంధుత్వానికి సాక్ష్యమయినదీ ఆ వాక్యమే.

తల్లి పేరు దస్తావేజులోనూ లేదు. గోడవారన కూర్చున్న ముసలమ్మ అప్పుడు నోరు విప్పింది. "మా అత్త సెప్పీది బాబూ. పెద్దోడు ఓడెక్కి ఎల్లిపోనాడు, మరి రాలేదు. ఆల్లమ్మ వీధరుగు మీద కూకొని దారి సూసీదట. ఆయమ్మ పేరే మా ఆడబడుచుకెట్టినారు" అని ఆ పేరు చెప్పింది. మాస్టారు దాన్ని కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టారు. ఆయన మడిచి జేబులో దాచుకున్నారు. ఇంటివారు భోజనానికి ఉండమన్నారు.

మన పెద్దల కోసం మనం

ఈ వెతుకులాట విదేశాల వారికే కాదు, మనకూ అవసరమే. ముందుగా పాత పేర్లు తెలియాలి. సర్వసిద్ధి తాలూకా అంటే యలమంచిలి ప్రాంతం. గొలుగొండ తాలూకాకు కచేరీ నర్సీపట్నంలో ఉండేది. చికాకోలు అంటే శ్రీకాకుళం. అది 1936 వరకు గంజాం జిల్లాలోనూ, తరువాత 1950 వరకు విశాఖపట్నం జిల్లాలోనూ ఉంది. తాలూకాలు పోయి 1985లో మండలాలు వచ్చాయి. అనకాపల్లి 2022లో జిల్లా అయింది. కాగితం ఏ ఏటిదో చూసి ఆనాటి జిల్లాలో వెతకాలి.

భూమి రికార్డులలో మనుషులు దొరుకుతారు. ఇనాం భూములున్న కుటుంబాలకు 1860 ప్రాంతంలో మొదలైన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు ఆధారం. జమీందారీ గ్రామాలలో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారయిన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్ చూడాలి. అందులో పట్టాదారు పేరు ఉంటుంది. అంతకు ముందు తరాల కోసం రిజిస్టరయిన దస్తావేజులు వెతకాలి. బడిలో చేరిన వారికి బడి రిజిస్టరు ఉంది. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఊరి లెక్కలు, వంశాలు నోటికి చెప్పగల పాతతరం కరణాలు నానాటికీ తగ్గిపోతున్నారు.

రంగూన్ వెళ్లినవారి సంగతి వేరు. మేస్త్రీల వెంట సొంతంగా టిక్కెట్టు కొనుక్కుని వెళ్లినవారే ఎక్కువ కనుక నేటాల్ వంటి జాబితాలు వారికి దొరకవు. ఇంట్లో మిగిలిన ఉత్తరం ముక్క, మనియార్డరు రసీదు మాత్రమే ఆధారం.

ఒక్క కాగితంతోనే పని జరగదని చోడవరం ప్రాంతపు ఈ ఉదంతం చెబుతోంది. డర్బన్ జాబితాకు ఇక్కడి దస్తావేజు తోడయింది. రెండింటిలోనూ లేని పేరు ముసలమ్మ నోట వచ్చింది. ఆమె మరో రెండేళ్ల ముందే కన్నుమూసి ఉంటే ఆ పేరు ఎవరికీ దక్కేది కాదు. ప్రతి ఇంట్లోనూ అటువంటి పెద్దవారు ఉంటారు. వారి తల్లి పేరు, అమ్మమ్మ పేరు, పుట్టింటి ఊరు అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. పాత దస్తావేజులను చెదలు తినక ముందే దింపి ఎండబెట్టి, నకళ్లు తీయించుకుంటే మంచిది.