ఫొటో వెనక నాలుగు వరుసలు

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు జర్మన్ కోడళ్ళు, ఐరిష్ అల్లుళ్ళు వింతేమీ కాదు. కాకపోతే ఆ వియ్యాలవారితో మన కబుర్లు వాతావరణం దగ్గర మొదలై పిల్లల చదువుల దగ్గర ఆగిపోతుంటాయి. ఈసారి కలిసినప్పుడు వాళ్ళ పాత ఫొటోల డబ్బా దింపమని అడిగి చూడండి. పొద్దు ఎలా గడిచిందో తెలియదు.

మా కోడలి పుట్టిల్లు పిట్స్‌బర్గ్. వేంకటేశ్వరుడి గుడి పుణ్యమా అని మనందరికీ తెలిసిన ఊరే. అక్కడ అలిఘెనీ నదికి ఉత్తరాన డాయిచ్‌టౌన్ అనే పేట ఉంది. ఒకప్పుడు అది జర్మన్లతో నిండి ఉండేదని పేరే చెబుతుంది. కోడలి అమ్మమ్మగారి నాన్న పెరిగింది ఆ చుట్టుపక్కలే. నాది గుంటూరు. పెళ్ళిమాటల్లోనే మా వియ్యపురాలితో "మీవాళ్ళు మాకు కొత్తేం కాదండీ" అన్నాను. జర్మనీలో హెల్మ్‌స్టెడ్‌లో పుట్టి అమెరికా వచ్చిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. అంతకుముందు పిట్స్‌బర్గ్‌లోనూ పనిచేసినవాడే. ఆ కబురు విని ఆవిడ ఆశ్చర్యపోయింది.

మా మనవడికి స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్టు ఇచ్చారు. మా వైపు పేర్లు నేను చెప్పాను. వాళ్ళమ్మ వైపు కోసం బూట్ల డబ్బా ఒకటి దిగింది. అందులో అరవై దాకా ఫొటోలున్నాయి. తొంభై దాటిన అమ్మమ్మగారు సగం మందిని గుర్తుపట్టారు. మిగతా సగానికి పేర్లు లేవు.

అందరినీ ఆపేసిన ఫొటో ఒకటుంది. కుర్చీలో తల్లి, వెనక మీసాల తండ్రి, పక్కన నిలబడ్డ ఇద్దరు పిల్లలు. మగపిల్లవాణ్ణి అమ్మమ్మగారు గుర్తుపట్టారు, ఆయనే వాళ్ళ నాన్న. ఫొటో వెనక సిరాతో నాలుగు వరుసలున్నాయి. కోడిగీతల్లాంటి ఆ రాత ఆ ఇంట్లో ఎవరికీ చదవడం రాదు.

ముందు ఫొటో ఏ కాలానిదో తేల్చుకున్నాం. పిల్లలూ, ఇది డిటెక్టివ్ పని లాంటిదే, మీరూ చేయొచ్చు. దళసరి అట్టకు అంటించిన, సుమారు నాలుగుంబావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవు ఉన్న ఫొటోని కేబినెట్ కార్డు అంటారు. ఇవి 1860ల చివర్లో వాడుకలోకి వచ్చి 1900 దాటాక తగ్గిపోయాయి. అట్ట అడుగున స్టూడియో పేరు కింద 'అలిఘెనీ' అని అచ్చువేసి ఉంది. అలిఘెనీ అప్పట్లో వేరే నగరం. 1907 డిసెంబరులో దాన్ని పిట్స్‌బర్గ్‌లో కలిపేశారు. కాబట్టి ఫొటో అంతకు ముందుదే అయ్యుండాలి. ఇక తల్లి జాకెట్టుకి భుజాల దగ్గర పెద్ద బుట్టచేతులు. మన అమ్మమ్మల బుట్టచేతుల రవికలు వీటి ముందు దిగదుడుపే! ఇంత పెద్ద చేతుల ఫ్యాషన్ 1895 ప్రాంతంలో మహాజోరుగా సాగింది. పిల్లల వయసు కూడా దానికి సరిపోయింది.

తర్వాత 1900 జనాభా లెక్కలు చూశాం. ఫ్యామిలీ సెర్చ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆన్సెస్ట్రీ చందా కట్టక్కర్లేదు, చాలా ఊళ్ళ పబ్లిక్ లైబ్రరీల్లో కూర్చుని వాడుకోవచ్చు. ఆ ఏటి లెక్కల్లో ప్రతివాళ్ళూ పుట్టిన నెల, సంవత్సరం, ఈ దేశానికి వచ్చిన ఏడు రాసుకున్నారు. వీళ్ళు వచ్చింది 1888లో. హాంబర్గ్ రేవు నుంచి బయల్దేరిన ప్రయాణికుల పట్టికలు 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి. వాటిలో బయల్దేరినవాళ్ళ సొంత ఊరు కూడా రాస్తారు. అలా మెక్లెన్‌బర్గ్ ప్రాంతంలో ఒక పల్లె పేరు బయటపడింది. ఎల్లిస్ ఐలండ్ తెరిచింది 1892లో కాబట్టి వీళ్ళు న్యూయార్కులో దిగింది కాజిల్ గార్డెన్ దగ్గర.

జనాభా లెక్కల్లో ఇంకో గడి ఉంది. తల్లికి పుట్టిన బిడ్డలెందరు, బతికున్నవారెందరు అని అడిగారు. ఆమె పేరుకెదురుగా మూడు, రెండు అని ఉంది.

ఆ మూడో బిడ్డ సంగతి తెలియక ఫొటో వెనక రాత చదివించాలని పట్టుబట్టాం. అది జర్మన్లు పూర్వం వాడిన కుర్రెంట్ లిపి. ఇప్పటి జర్మన్లలోనూ చాలామందికి రాదు. మాకు తెలిసిన ఒక రిటైర్డ్ జర్మన్ టీచరుగారు భూతద్దం పెట్టుకుని చదివారు. ఆ తల్లి ఊళ్ళో ఉన్న తన అమ్మకి రాసుకున్న మాటలవి. పెద్దపిల్లలిద్దరూ కులాసా అని, చంటిది మొన్న చలికాలంలో పోయిందని, దానికి ఫొటో తీయించనేలేదని. అమ్మమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నకి చెల్లెలుండేదని మాకెవరూ చెప్పలేదు" అన్నారు.

ఎందుకు చెప్పలేదని కాదు, ఆ నాలుగు వరుసలు ఇన్నేళ్ళుగా ఇంట్లోనే ఉండి కూడా ఎవరూ ఎందుకు చదవలేకపోయారా అని నేను ఆలోచించాను. 1917లో అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగింది. జర్మన్ మాట్లాడితే అనుమానంగా చూసే రోజులు. క్యాబేజీ పచ్చడి సావర్‌క్రౌట్‌కి కూడా 'లిబర్టీ క్యాబేజీ' అని పేరు మార్చారు. నెబ్రాస్కాలో చిన్నపిల్లలకి పరాయి భాషలు నేర్పకూడదని 1919లో చట్టమే చేశారు. సుప్రీంకోర్టు 1923లో దాన్ని కొట్టేసింది. కానీ ఈలోగా ఎన్నో ఇళ్ళల్లో జర్మన్ ఆగిపోయింది. అమ్మమ్మగారి నాన్న కూడా తన పిల్లలతో ఒక్క జర్మన్ మాట మాట్లాడలేదట.

మనల్నైతే తెలుగు మాట్లాడొద్దని ఎవరూ అనలేదు. అయినా మన ఇళ్ళల్లో ఏమవుతోందో మీకు తెలుసు.

మా అమ్మానాన్నల పెళ్ళి ఫొటో వెనక తారీఖు లేదు, 'సర్వధారి, వైశాఖం' అని మాత్రం ఉంది. అరవై ఏళ్ళకొకసారి వచ్చే పేరది. 1948లో వచ్చింది, మళ్ళీ 2008లో వచ్చింది. వాళ్ళ పెళ్ళి 1948 ఎండాకాలంలోదని లెక్క తెలిసినవాళ్ళకి చిటికెలో తెలుస్తుంది. అక్షరాలే రానివాళ్ళకి అవీ కోడిగీతలే. మన వైపు జనాభా లెక్కల్లో ఇలా ఇంటింటి పేర్లూ వెతుక్కునే వీలు లేదు. మనకున్నవి శుభలేఖలు, స్కూలు సర్టిఫికెట్లు, పొలం పట్టాలు, తద్దినాల్లో చెప్పే మూడు తరాల పేర్లు, పెద్దవాళ్ళ జ్ఞాపకం.

అందుకని ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు నగలూ చీరలూ సరే, అటక మీద ఆల్బం కూడా దింపించండి. ప్రతి ఫొటోనూ రెండు వైపులా స్కాన్ చేయండి. పాత ఫొటోల వెనక బాల్‌పెన్నుతో రాయకండి, సిరా ఇవతలికి దిగుతుంది. మెత్తని పెన్సిలుతో ఎవరు, ఎవరికి ఏమవుతారు, ఏ ఊరు, ఏ ఏడు అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. 'అత్తయ్య' అని ఊరుకోకండి, ఎవరికి అత్తయ్యో యాభై ఏళ్ళ తర్వాత ఎవరికి తెలుస్తుంది? పోయిన పసిబిడ్డల పేర్లు కూడా అడగండి. అడిగితే పెద్దవాళ్ళు చెబుతారు.

ఇక్కడ పుట్టిన పిల్లలకి వారానికో గంట తెలుగు అక్షరాలు నేర్పించండి. మావాడు గుణింతాల దాకా వచ్చాడు. వాడి ప్రాజెక్టు అట్ట మీద మెక్లెన్‌బర్గ్ వైపు కొమ్మకి మూడో చిన్న ఆకు కూడా పడింది.