చిత్రదుర్గం: పగిలిన రాయి దాచిన నీళ్లు

కోట చూడబోతే మన కళ్లు ముందు గోడల మీదా బురుజుల మీదా పడతాయి. ముట్టడి వేసిన శత్రువు లెక్క వేరు. లోపల నీళ్లు అడుగంటేదాకా కాచుకుంటే చాలు, కోట దానంతట అదే లొంగుతుంది. అందుకే ఏ గిరిదుర్గాన్ని చూసినా నేను ముందు నీళ్ల కోసం వెతుకుతాను. అలా వెతకదగ్గ చోటు, మన రాయదుర్గం పొరుగున కర్ణాటకలో ఉన్న చిత్రదుర్గం. అదీ రాయలసీమలాగే వానలు తక్కువ నేల.

ఆ కొండలు గట్టి గ్రానైటు. భూమి లోతున పుట్టిన ఈ రాయి, పైనున్న పొరలు కోసుకుపోయి బరువు తగ్గేసరికి విచ్చుకుని పగుళ్లు బారుతుంది. పగుల్లోకి దిగిన వాననీరు లక్షల ఏళ్లపాటు రాతిని తింటుంది. మెత్తబడిన భాగం కొట్టుకుపోగా గుండ్లు, గుహలు, సందులు మిగులుతాయి. అడుగు మూసుకుపోయిన పల్లంలో నీళ్లు నిలిస్తే అది దొన. రెండు వైపులా తెరుచుకున్న పగులైతే మనిషి దూరే దారి.

గ్రానైటు నీళ్లు తాగదు. కోట కట్టినవాళ్లకు అదే వరమైంది. చదరపు మీటరు బండ మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఎకరం బండ మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే సుమారు 40 వేల లీటర్లు. మట్టినేల అయితే అందులో చాలా భాగం ఇంకిపోయేది. బండ మీద దాదాపు అంతా జారి పల్లానికి చేరుతుంది. ఆ జారుబాటకు అడ్డంగా రాతికట్ట వేస్తే చెరువు సిద్ధం.

చిత్రదుర్గంలో ఇలాంటివి ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. కన్నడంలో వాటిని హొండలంటారు. పైన గోపాలస్వామి హొండ నిండితే, పొర్లిన నీరు అక్క తంగి హొండలకు, అంటే అక్కాచెల్లెళ్ల జంట కోనేళ్లకు, దిగుతుంది. అక్కణ్ణించి సిహినీరు హొండకూ, చివరికి కోట బయట ఊళ్లోని సంతె హొండకూ చేరుతుంది. పై హొండల్లోనే బురద అడుగుకు దిగుతుంది కాబట్టి కిందికి వచ్చేసరికి నీరు తేటపడుతుంది. మోటలతో తోడే పని లేదు. అంతా కొండ వాలు చేసే పనే.

రెండు వైపులా తెరుచుకున్న రెండో రకం పగులు ఓబవ్వ కిండి, అంటే ఓబవ్వ సందు. 18వ శతాబ్దంలో హైదర్ అలీ ముట్టడి రోజుల్లో కావలివాడు అన్నానికి కూర్చున్నాడట. అతని భార్య ఓబవ్వ తాగడానికి నీళ్లు తేబోయింది. బండసందులో మనుషుల అలికిడి వినిపించింది. ఒక్కొక్కరే వంగి దూరాల్సిన సందు అది. ఆమె రోకలి పట్టుకుని పక్కన నిలబడి, బయటికి వచ్చిన శత్రువు తలనల్లా మోదిందని జనం చెప్పుకుంటారు. అంత ఇరుకు కాకపోతే ఆ ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. 1779లో హైదర్ కోటను పట్టుకున్నాడు, ఓబవ్వ పేరు మాత్రం కిండికి ఉండిపోయింది.

యాత్రికుల్లో చాలామంది కిండి దగ్గర ఫొటో దిగి వెనక్కి మళ్లుతారు. అక్క తంగి హొండల దాకా నడవండి. నీళ్లు పొర్లి కిందికి దిగే చోటు ఎక్కడుందో చూడండి, పైన ఏ బండల మీద పడిన వాన అక్కడికి చేరుతోందో కళ్లతోనే వెనక్కి వెతకండి. ఆ బండల మీద చెత్త పోయకుండా, హొండల్లో పూడిక తీస్తూ ఉంటే ఈ ఏర్పాటు ఇప్పటికీ పనిచేస్తుంది.