పిల్లి తినేసిందమ్మా!

హౌరా పక్కనే ఉన్న లిలువాలో మా అక్కావాళ్లు ఉంటారు. మొన్న చలికాలంలో వెళ్లినప్పుడు డబ్బాలో ఒక బెల్లం సందేశ్ తగ్గింది. "ఎవరు తిన్నారే?" అంది అక్క. మూతికి పొడి అంటుకుని ఉండగానే "పిల్లి తినేసిందమ్మా" అంది నాలుగేళ్ల కూతురు. "ఎలా ఉందట?" అని బావ అడిగితే, "భలే తియ్యగా ఉంది" అనేసింది. మాకు నవ్వాగలేదు. అక్క మాత్రం చెయ్యెత్తింది. "ఇప్పుడే అబద్ధాలు మొదలెడితే రేపేమవుతుంది?"

ఈ భయం చాలా ఇళ్లలో ఉన్నదే. మనస్తత్వ శాస్త్రం ఏమంటోంది?

1983లో ఆస్ట్రియాకు చెందిన విమ్మర్, పెర్నర్ పిల్లలకు ఒక కథ చెప్పారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్‌ను ఒక అల్మరాలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. అమ్మ దాన్ని మరో అల్మరాలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన మాక్సీ ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. తమకు తెలిసింది మాక్సీకి తెలియదన్న ఊహ వాళ్లకింకా రాదు. నాలుగైదేళ్లు వచ్చేసరికి చాలామంది సరిగ్గా చెబుతారు. 'నాకు తెలిసింది అమ్మకు తెలియదు' అని గ్రహించినప్పుడే కదా అబద్ధం సాధ్యం! అయితే, చెప్పిన అబద్ధాన్ని గుర్తుంచుకుని, నోరు జారకుండా నిలబెట్టుకునే శక్తి ఇంకా ఆలస్యంగా వస్తుంది. పిల్లి తిన్న సందేశ్ రుచి పాపకు తెలిసిపోయింది అందుకే.

మరి దెబ్బలు వేస్తే మానేస్తారా? తల్వార్, కాంగ్ లీ పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల్లో మూడు, నాలుగేళ్ల పిల్లలను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. కఠిన శిక్షలున్న బడి పిల్లలే ఎక్కువగా అబద్ధమాడారు, దాన్ని నేర్పుగా నిలబెట్టుకున్నారు కూడా. దెబ్బల భయం వాళ్లకు దాచడమే నేర్పింది.

భయపెట్టే కథలదీ అంతే. 2014లో లీ బృందం మూడు నుంచి ఏడేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగంలో, మనకు తెలిసిన 'నాన్నా పులి' కథ విన్నా అబద్ధాలు తగ్గలేదు. చెట్టు నరికానని ఒప్పుకుని తండ్రి మెప్పు పొందిన జార్జ్ వాషింగ్టన్ కథ విన్నవాళ్లు మాత్రం ఎక్కువగా నిజం ఒప్పుకున్నారు.

కాబట్టి జవాబు తెలిసినప్పుడు "ఎవరు తిన్నారు?" అని నిలదీసి పిల్లలను ఇరకాటంలో పెట్టకండి. నిజం చెబితే మెచ్చుకోండి. తప్పు ఉంటే దాన్ని ఎలా దిద్దుకోవాలో ఆ తర్వాత చెప్పవచ్చు.

మర్నాడు మరో సందేశ్ తగ్గింది. "నిజం చెబితే అమ్మకు ఎంత సంతోషమో!" అంది అక్క. పాప కాసేపు ఆలోచించింది.

"పిల్లి సగమే తిందమ్మా. మిగతా సగం నేను."

అక్క దగ్గరికి తీసుకుంది.